టాయ్ బ్రీడ్ కుక్కపిల్లని ఎంచుకునే ముందు, అది ఎందుకంత చిన్నగా ఉందో అడగండి

చిట్టిని ఇంటికి తెచ్చిన రోజు దాని బరువు 480 గ్రాములు. వంటింటి డిజిటల్ త్రాసు మీద స్టీలు గిన్నె పెట్టి, అందులో పాత తువ్వాలు మడిచి వేసి, దాన్ని కూర్చోబెట్టి తూచాను. గిన్నె అంచు మీద గడ్డం ఆనించి నన్నే చూసింది. ఎనిమిది వారాల పిల్ల, టీకప్ పొమరేనియన్, పెద్దయ్యాక కూడా కిలోన్నర దాటదు అని అమ్మినాయన చెప్పాడు. అరచేతిలో ఇమిడిపోయే కుక్క ఇంట్లో తిరుగుతుందన్న సంబరంలో నేను మారుమాట అడగలేదు.

నాలుగో రోజు తెల్లవారుజామున ఎంత పిలిచినా అది లేవలేదు. చేతిలోకి తీసుకుంటే తల పక్కకి వాలిపోయింది. ఒళ్ళు చల్లబడింది. కాళ్ళు సన్నగా కొట్టుకుంటున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ చూపు లేదు. డాక్టరు గారికి ఫోన్ చేస్తే, వేలికి తేనె రాసుకుని చిగుళ్ళకి రుద్దండి, గొంతులో మాత్రం ఏమీ పొయ్యకండి, వెచ్చగా చుట్టి వెంటనే తీసుకురండి అన్నారు. దారిలో, తువ్వాలు మడతల్లోంచి నాలుక కొంచెం ఆడించింది. ఆ కదలిక చూసేదాకా నాకు ఊపిరి ఆడలేదు. రక్తంలో చక్కెర పడిపోయిందట. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని ఆయన అన్నారు.

గ్లూకోజు ఎక్కించి, పిల్ల కాస్త తేరుకున్నాక ఆయన దాని పెదవి పైకెత్తి నాకు చూపించారు. ముందుపళ్ళు అప్పుడప్పుడే చిగుళ్ళు చీల్చుకుని బయటికి వస్తున్నాయి. వెనక నమిలే పళ్ళ జాడే లేదు. "ఎనిమిది వారాలు ఎక్కడివమ్మా దీనికి? ఆరు కూడా నిండలేదు" అన్నారు.

చిట్టి ఇప్పుడు 2 కిలోల 900 గ్రాముల మామూలు పొమరేనియన్. తల్లి దగ్గర ఇంకో నెలయినా ఉండాల్సిన పసిదాన్ని ముందే విడదీసి, చిన్న సైజు రకం అని చెప్పి నాకు అమ్మారు. ఇప్పుడెవరైనా టాయ్ బ్రీడ్, అంటే ఒళ్ళో పట్టేంత చిన్న జాతి కుక్కని తెచ్చుకుంటామని సలహా అడిగితే మొదట ఇదే చెబుతాను. పిల్ల బుల్లిగా కనిపిస్తే దానికి మూడు కారణాలు ఉండొచ్చు. వయసు చాలకపోవచ్చు. తిండి చాలకో, లోపల ఏదో జబ్బు ఉండో ఎదగకపోవచ్చు. లేదా తల్లీ తండ్రీ నిజంగానే చిన్నవి అయి ఉండొచ్చు. మీ ముందున్న పిల్ల వీటిలో ఏ కారణానికి చిన్నగా ఉందో తేలేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.

వయసు నిజమేనా?

దీన్ని నోరే చెప్పేస్తుంది. కుక్కపిల్లకి మూడు నాలుగు వారాలప్పుడు కోరపళ్ళు, నాలుగు నుంచి ఆరు వారాల మధ్య ముందుపళ్ళు, ఆ తర్వాత నమిలే పళ్ళు వస్తాయి. మొత్తం 28 పాలపళ్ళు. ఎనిమిది వారాలు నిండిన పిల్లకి ఇవి దాదాపు అన్నీ ఉండాలి. టాయ్ బ్రీడ్‌లలో ఒకటి రెండు వారాలు ఆలస్యం కావడం ఉంది కాబట్టి పళ్ళు ఒక్కటే చూసి తీర్పు చెప్పెయ్యకండి, నడక కూడా చూడండి. అయిదు వారాల పిల్ల నడిచేటప్పుడు పిర్ర ఊగుతుంది, ఆడుతూ ఆడుతూ ఉన్నచోటే కూలబడి నిద్రపోతుంది. ఎనిమిది వారాల పిల్ల పరిగెడుతుంది, మలుపు తిరుగుతుంది, మీ చెప్పు లాక్కుపోతుంది.

పుట్టిన తేదీ రాసిచ్చే టీకాల పుస్తకం అడగండి. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పడుతుంది, ఆపైన మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు వచ్చేదాకా వేస్తారు. ఆ పుస్తకంలో డాక్టరు సంతకం, టీకా సీసా స్టిక్కరు ఉన్నాయో లేదో చూడండి. పుట్టిన తేదీకీ మొదటి టీకా తేదీకీ లెక్క కుదరకపోతే అక్కడే అడిగెయ్యండి, మొహమాటపడొద్దు.

ఎనిమిది వారాలకి ముందు ఏ కుక్కపిల్లనీ తల్లి నుంచి వేరు చెయ్యకూడదు. టాయ్ బ్రీడ్‌లని పది, పన్నెండు వారాల దాకా తమ దగ్గరే ఉంచుకునే బ్రీడర్లు ఉన్నారు, నాకు వాళ్ళ మీదే నమ్మకం. ఎందుకంటే అంత చిన్న పిల్ల కాలేయంలో నిల్వ ఉండే చక్కెర చాలా తక్కువ. కండ కూడా అంతంతమాత్రమే. మెదడు మాత్రం ఒంటితో పోలిస్తే పెద్దది, దానికి చక్కెర నిరంతరం అందుతూ ఉండాలి. పెద్ద జాతి పిల్ల ఒక పూట తినకపోయినా తట్టుకుంటుంది. అరకిలో పిల్ల కొన్ని గంటలు తినకపోయినా, చలికి వణికినా, కొత్త చోటికి వచ్చి బెదిరినా, రెండుసార్లు విరేచనమైనా ఆ నిల్వ కరిగిపోతుంది. మూడు నాలుగు నెలలు దాటాక చాలా పిల్లల్లో ఈ గండం గడిచిపోతుంది. అందుకే ఇంకో మూడు వారాలు ఆగి తీసుకెళ్ళండి అని అమ్మేవాళ్ళే అంటే విసుక్కోకండి. మీ పిల్ల మేలు కోరే మాట అది.

ఆ మూడు వారాల్లో జరిగేది ఇంకొకటి ఉంది. తోబుట్టువులతో ఆడుకుంటూ గట్టిగా కరిస్తే ఎదుటిది అరిచి ఆట మానేస్తుందని నేర్చుకుంటుంది. చిట్టికి ఆ పాఠం దొరకలేదు. ఏడాది నిండేదాకా నా ముంజేతుల మీద గాట్లే.

ఆ ఈతలో మిగతా పిల్లల్ని చూడండి

ఒక్క పిల్లనే తెచ్చి మీ చేతిలో పెట్టేవాళ్ళ దగ్గర కొనకండి. ఆ ఈతలో పుట్టిన అన్నిటినీ, తల్లితో కలిపి, అవి పెరిగిన చోటే చూడాలి. టాయ్ బ్రీడ్ తల్లి ఒక ఈతలో రెండో మూడో, మహా అయితే నాలుగో అయిదో పిల్లల్ని పెడుతుంది కాబట్టి పోల్చి చూడటానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు. మూడు పిల్లలు 800 గ్రాముల చుట్టుపక్కల ఉండి, నాలుగోది మాత్రం 450 ఉందనుకోండి. చూడగానే మనసు దాని మీదకే పోతుంది. అమ్మేవాళ్ళు దానికే ఎక్కువ ధర చెబుతారు. నిజానికి ఎక్కువ ప్రశ్నలు వెయ్యాల్సింది దాని గురించే. అది ఈతలో బక్కపిల్ల. పాల దగ్గర తోపులాటలో వెనకబడిందా? నులిపురుగులు ఉన్నాయా? పుట్టుకతోనే గుండెలోనో, కాలేయంలోనో, మెదడులోనో లోపం ఉందా?

యార్క్‌షైర్ టెరియర్, మాల్టీస్ జాతుల్లో తరచుగా కనబడే ఒక లోపం గురించి కాస్త వివరంగా చెప్పాలి. మామూలుగా పేగుల నుంచి వచ్చే రక్తం కాలేయంలోకి వెళ్ళి శుద్ధి అయ్యాకే ఒళ్ళంతా తిరుగుతుంది. కొన్ని పిల్లల్లో పుట్టుకతోనే ఒక అడ్డదారి రక్తనాళం ఉండి, ఆ రక్తం కాలేయానికి పోకుండా నేరుగా ఒంట్లోకి పోతుంది. దీన్ని లివర్ షంట్ అంటారు. కాలేయం ఎదగదు, పిల్లా ఎదగదు. తిన్న గంటా రెండు గంటలకి మత్తుగా అయిపోతుంది, తూలుతుంది, గోడకి తల ఆనించి నిలబడుతుంది. బయటివాళ్ళ కంటికి అది "చిన్నగా, నెమ్మదిగా, ముద్దుగా" ఉన్న పిల్ల. బైల్ యాసిడ్స్ అనే రక్తపరీక్ష ఉంది, తినకముందు ఒకసారి, తిన్న రెండు గంటలకి ఇంకోసారి రక్తం తీసి చూస్తారు. ఈ రెండు జాతుల్లో ఆ రిపోర్టు ఇచ్చే బ్రీడరు దొరికితే అది పెద్ద భరోసా.

బ్రీడరుని పుట్టినప్పటి నుంచి బరువుల పట్టిక అడగండి. శ్రద్ధగా పెంచేవాళ్ళు మొదటి రెండు వారాలు రోజూ తూచి రాసుకుంటారు, ఆ తర్వాత వారానికోసారి. అంకె చిన్నదైనా పరవాలేదు, రోజూ కొంచెం కొంచెం పైకి పోతూ ఉండాలి. మధ్యలో వారం పాటు కదలకుండా ఆగిపోయిన పిల్ల ఉంటే, ఆ వారం ఏం జరిగిందో చెప్పగలగాలి.

పెద్దయ్యాక ఎంత అవుతుందో అంచనా వెయ్యడానికి నేను వాడే లెక్క సులువైనది. టాయ్ జాతులు సుమారు పన్నెండు వారాలకి తమ పూర్తి బరువులో సగం దగ్గరికి వస్తాయి. పన్నెండు వారాలకి కిలో నూరు గ్రాములున్న పిల్ల రెండుంబావు కిలోల చుట్టుపక్కల ఆగుతుంది. ఇది ఉజ్జాయింపే, అరకిలో అటూఇటూ కావచ్చు. అంతకంటే ముందే "ఇది ఖచ్చితంగా ఇంతే పెరుగుతుంది" అని ఎవరైనా గ్యారంటీ ఇస్తే ఆ మాట నమ్మకండి.

తల్లిదండ్రులే బాగా చిన్నవైతే

టీకప్, మైక్రో, పాకెట్ సైజు అని వినబడే పేర్లేవీ జాతుల పేర్లు కావు. కుక్కల జాతులని నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్, బ్రిటన్‌లోని కెన్నెల్ క్లబ్, ఎఫ్‌సీఐ అనే అంతర్జాతీయ సంఘం, వీటిలో దేని పుస్తకంలోనూ టీకప్ అనే రకం లేదు. అమెరికన్ క్లబ్ ప్రమాణాల ప్రకారం పొమరేనియన్ 3 నుంచి 7 పౌండ్లు, అంటే సుమారు 1.4 నుంచి 3.2 కిలోలు ఉంటుంది. యార్కీ, అంటే యార్క్‌షైర్ టెరియర్, 7 పౌండ్లు దాటకూడదు. మాల్టీస్ 7 పౌండ్ల లోపు. చిహువాహువా 6 పౌండ్లు, అంటే 2.7 కిలోలు మించకూడదు. టాయ్ పూడిల్‌కి బరువు లెక్క లేదు, భుజం దగ్గర ఎత్తు 10 అంగుళాలు మించకూడదు. షిట్జు 9 నుంచి 16 పౌండ్లు, పగ్ 14 నుంచి 18 పౌండ్లు. ఇవన్నీ ఇప్పటికే చిన్న కుక్కలు. అంతకంటే చిన్నవి కావాలని ఈతలో బక్కగా మిగిలినవాటిని ఒకదానితో ఒకటి జత కడుతూ పోతే, సైజుతో పాటు వాటి లోపాలు కూడా తర్వాతి తరానికి పోతాయి.

పెద్దయ్యాక కూడా కిలో, కిలోంబావు మాత్రమే ఉండే కుక్క అంటే రోజువారీ బతుకు ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. ముంగాలి ఎముకలు అగ్గిపుల్లకంటే కాస్త లావు. టాయ్ జాతుల్లో మణికట్టుకి కొంచెం పైన ఆ ఎముకకి రక్తం సరిగా అందదు, అందుకే విరిగితే అతకడం కష్టం, కట్టు ఒక్కటే సరిపోదు, ప్లేటు వెయ్యాల్సి వస్తుంది. అలా విరగడానికి ప్రమాదాలేమీ జరగనక్కర్లేదు. సోఫా మీద నుంచి దూకితే చాలు, పిల్లవాడి చేతుల్లోంచి జారితే చాలు. మత్తు ఇచ్చినప్పుడు ఒంటి వేడి త్వరగా పడిపోతుంది. మందు మోతాదులో కొద్ది పొరపాటు కూడా ఎక్కువైపోతుంది. పరీక్షకి రెండు మిల్లీలీటర్ల రక్తం తియ్యాలన్నా డాక్టరు ఆలోచించుకోవాలి. ఆడకుక్క అయితే కాన్పు ఆపరేషను దాకా పోవడం మామూలే. నేల మీద పడిన చిన్న చాక్లెట్ ముక్క, చక్కెర బదులు తీపికి వేసే జైలిటాల్ ఉన్న ఒక్క చూయింగ్ గమ్ పెద్ద కుక్కకంటే దీనికి ఎన్నో రెట్లు ప్రమాదం.

నా మటుకు నేను, పెద్దయ్యాక రెండు కిలోలకి తక్కువ ఉంటుందని తెలిసిన పిల్లని ఎవరికీ సిఫారసు చెయ్యను. రెండు నుంచి మూడు కిలోల మధ్య కుక్క కూడా ఒళ్ళోనే పడుకుంటుంది, సంచిలోనూ పడుతుంది. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు ఇల్లంతా దాని అరుపే వినిపిస్తుంది. ఆ ముచ్చట్లలో దేనికీ లోటు రాదు.

పిల్లని ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక

వెళ్ళగానే ఎత్తుకోకండి. దూరంగా నేల మీద కూర్చుని పది నిమిషాలు ఊరికే చూడండి. నా రెండో కుక్క గవ్వని తెచ్చుకునేటప్పుడు ఇలాగే కూర్చున్నాను. చిహువాహువా పిల్లలు మూడు. అన్నిటికంటే చిన్నది మూలన పడుకుని ఉంది, మనుషులు వచ్చినా తల ఎత్తలేదు. పెద్దది మిగతావాటిని తొక్కుకుంటూ తిరుగుతోంది. మధ్యది నా దగ్గరికి వచ్చి బొటనవేలు వాసన చూసి, వెళ్ళి నీళ్ళు తాగి, మళ్ళీ వచ్చింది. అదే గవ్వ.

చూసేటప్పుడు వెనక కాళ్ళ మీద కన్నేసి ఉంచండి. నడుస్తూ నడుస్తూ ఒక వెనక కాలు రెండు అడుగుల పాటు ఎత్తి గెంతి, మళ్ళీ మామూలుగా దింపుతోందా? ఆటలో భాగంలా ముద్దుగా ఉంటుంది. కానీ మోకాటి చిప్ప పక్కకి జారినప్పుడు కుక్క చేసే పని అదే. టాయ్ జాతులన్నిటిలోనూ ఇది ఉంది. చిట్టి మోకాలుని డాక్టరు గారు నా చేత పట్టించి చూపించారు. కాలు కాస్త చాచి, బొటనవేలితో చిప్పని లోపలివైపుకి మెల్లగా నెడితే, చిన్న గోలీ గాడిలోంచి తప్పుకున్నట్టు టక్కుమని పక్కకి పోయింది, వదిలెయ్యగానే తిరిగి వచ్చి కూర్చుంది. అది ఒకటో గ్రేడు. దానంతటదే జారి, దానంతటదే తిరిగి వస్తే రెండు. ఎక్కువసేపు పక్కనే ఉండి, చేత్తో నెడితేనే వస్తే మూడు. నెట్టినా రాకపోతే నాలుగు. ఒకటో గ్రేడుతో చాలా కుక్కలు బరువు పెరగకుండా చూసుకుంటే హాయిగా బతికేస్తాయి. పై గ్రేడులకి ఆపరేషను కావచ్చు. ఎనిమిది వారాల పిల్లలో ఈ పరీక్ష అంతగా తేలదు, డాక్టరు చేతనే చేయించండి, మీరు నెట్టి చూడకండి.

ఇప్పుడు చేతుల్లోకి తీసుకోండి, నేల మీద కూర్చునే. నడినెత్తిన వేలి కొస ఆనించి చూడండి. పసిబిడ్డకి ఉన్నట్టే మాడు మెత్తగా తగలొచ్చు. చిహువాహువాల్లో ఇది మామూలే, మాడు ఉన్నా లేకున్నా పరవాలేదని అమెరికన్ క్లబ్ జాతి ప్రమాణంలోనే ఉంది. చాలావాటికి పెరిగేకొద్దీ పూడుతుంది. వేలికి గోరంత తగిలితే నేను భయపడను. మాడు వెడల్పుగా ఉండి, తల బుడగలా ఉబ్బి, కళ్ళు రెండూ కిందికీ పక్కలకీ చూస్తున్నట్టు ఉంటే మాత్రం మెదడులో నీరు చేరిందేమో అనుమానించాలి. అలాంటి పిల్ల గుండ్రంగా తిరుగుతుంది, పిలిచినా తేరుకోవడానికి సమయం పడుతుంది.

పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కండి. తెల్లబడి, వేలు తీశాక రెండు సెకన్ల లోపు గులాబీ రంగు తిరిగి రావాలి. చిగుళ్ళు పాలిపోయి ఉంటే నులిపురుగులు రక్తం పీల్చేస్తున్నాయేమో, చక్కెర పడిపోతోందేమో. పక్కటెముకల మీద పల్చటి కండ తగలాలి. ఎముకలు తేలి, పొట్ట మాత్రం డోలులా ఉంటే పురుగుల మందు పడలేదని అర్థం. బొడ్డు దగ్గర మెత్తటి బుడిపె ఉంటే హెర్నియా, చిన్నదైతే కంగారు అక్కర్లేదు. మగపిల్ల అయితే వృషణాలు రెండూ దిగాయో లేదో చూడమని డాక్టరుకి చెప్పండి, టాయ్ జాతుల్లో ఒకటి లోపలే ఉండిపోవడం తరచుగా కనిపిస్తుంది. అది నిద్రపోతున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టగలిగితే ఇంకా మంచిది, నిమిషానికి 15 నుంచి 30 దాకా మామూలు.

రంగు గురించి ఒక్క మాట. మచ్చలు చెదిరినట్టుండే మెర్ల్ రంగు పొమరేనియన్లకీ చిహువాహువాలకీ ఈమధ్య గిరాకీ ఎక్కువ. తల్లీ తండ్రీ రెండూ మెర్ల్ అయితే పుట్టే పిల్లల్లో కొన్నిటికి చెవుడు, చూపు లోపం రావచ్చు. ఇద్దరిలో ఒకటైనా మామూలు రంగుది కావాలి. ఇది మాత్రం అడగకుండా ఉండకండి.

ముక్కు చప్పిడి జాతులు

పగ్, షిట్జు, పెకినీస్ తీసుకుంటున్నట్టయితే సైజుకంటే ముందు ముక్కు రంధ్రాలు చూడండి. అవి కామాలా తెరుచుకుని ఉండాలి. గీత గీసినట్టు మూసుకుపోయి ఉంటే ఆ పిల్ల జీవితాంతం స్ట్రాతో ఊపిరి పీల్చినట్టే. గురకని ముద్దు అనుకోకండి, అది గాలి ఆడక వచ్చే చప్పుడు. బ్రిటన్‌లో కెన్నెల్ క్లబ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ కలిసి 2019లో పగ్, బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ జాతుల ఊపిరికి గ్రేడులు పెట్టాయి. కుక్కని మూడు నిమిషాలు పరుగులాంటి నడక నడిపించి, ముందూ వెనకా డాక్టరు ఊపిరి శబ్దం విని సున్నా నుంచి మూడు దాకా గ్రేడు ఇస్తారు. మీ దగ్గర ఆ ఏర్పాటు లేకపోయినా తల్లిని అలా కాసేపు నడిపించి చూపించమని అడగొచ్చు. నడిపించనని అంటే నేనైతే వెనక్కి తిరిగి వచ్చేస్తాను. వీటి కళ్ళు కూడా పైకి ఉబికి ఉంటాయి కాబట్టి మెడ గట్టిగా పట్టినా, పెద్ద కుక్క కరిచినా కనుగుడ్డు బయటికి వచ్చే ప్రమాదం ఉంది.

తల్లిదండ్రుల రిపోర్టులు

పిల్లలో ఇంకా బయటపడని జబ్బులు తల్లిదండ్రుల్లో కనబడతాయి. మోకాటి చిప్ప పరీక్ష ఏడాది నిండాక చేస్తారు. అమెరికాలో ఓఎఫ్‌ఏ అనే సంస్థ ఈ ఫలితాలు నమోదు చేసుకుని అందరూ చూసుకునేలా ఉంచుతుంది. చిహువాహువాకి మోకాళ్ళు, గుండె, కళ్ళు చూసి ఉండాలి. టాయ్ పూడిల్‌కి కంటి పరీక్ష ముఖ్యం, మెల్లగా చూపు పోయే వంశపారంపర్య జబ్బుకి డీఎన్ఏ పరీక్ష ఉంది. కవలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ అయితే గుండె తప్పనిసరి. ఆ జాతిలో గుండె కవాటం చిన్న వయసులోనే పాడవుతుంది, అందుకే తల్లిదండ్రులని గుండె నిపుణులు ఎన్నేళ్ళ వయసులో చూశారన్నది ముఖ్యం. ఏడాది వయసులో బాగుందన్న రిపోర్టుకి విలువ తక్కువ.

కాగితాలు చూశాక తల్లిని కూడా చూడండి. ఎవరైనా తలుపు కొట్టి అది ఉద్రేకంగా అరిచినప్పుడు బాతు అరిచినట్టు దగ్గు వస్తోందా? చిన్న జాతుల్లో శ్వాసనాళాన్ని నిలబెట్టే మృదులాస్థి వలయాలు మెత్తబడి, గొట్టం అణిగిపోయే జబ్బు ఉంది. యార్కీ, పొమరేనియన్ పెంచేవాళ్ళకి ఆ దగ్గు బాగా తెలుసు. దంతాలు కూడా చూపించమనండి. అంత చిన్న దవడలో 42 పళ్ళు ఇరుక్కోవాలి. మూడు నాలుగేళ్ళకే పళ్ళు ఊడిపోయిన తల్లి అయితే మీ పిల్లకీ ఆ ఖర్చు, ఆ నొప్పి రాసిపెట్టి ఉన్నట్టే.

మీ ఇంట్లో ఎవరెవరు ఉన్నారు?

ఇంట్లో అయిదారేళ్ళ లోపు పిల్లలుంటే మూడు కిలోల లోపు కుక్క వద్దని నా గట్టి అభిప్రాయం. పిల్లలు చెడ్డవాళ్ళు కాదు, చేతులు ఇంకా కుదురుగా ఉండవు. అలాంటి ఇంటికి అయిదారు కిలోల షిట్జు, ఇంకాస్త పెద్ద కవలియర్ నప్పుతాయి. ఒకవేళ చిన్నదే తెచ్చుకుంటే కుక్కని ఎత్తుకోవాలంటే ముందు నేల మీద కూర్చోవాలి అన్న ఒక్క నియమం పెట్టండి, ఇంటికొచ్చిన చుట్టాలకి కూడా. పెద్ద కుక్క ఇప్పటికే ఉన్న ఇల్లయితే అది ఎంత మంచిదైనా సరే, రెండిటినీ ఒంటరిగా వదలొద్దు. ఆటలో ఒక్క పంజా దెబ్బ చాలు.

తెచ్చుకున్న మొదటి నెల

తీసుకునేటప్పుడే ఒక కాగితం రాయించుకోండి. రెండు మూడు రోజుల్లో మీ డాక్టరు చూసి పుట్టుకతో వచ్చిన లోపం ఏదైనా ఉందంటే పిల్లని వెనక్కి తీసుకుంటామని అందులో ఉండాలి. అది ఏం తింటోందో, ఏ వేళల్లో తింటోందో రాసివ్వమనండి, వారం పది రోజులు అదే పెట్టండి. కొత్త ఇల్లు, కొత్త తిండి రెండూ ఒకేసారి మారిస్తే విరేచనాలు, ఆ వెనకే చక్కెర పడిపోవడం.

మూడు నెలలు దాటేదాకా పగలు మూడు నాలుగు గంటలకోసారి పెట్టండి, పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లవారగానే ఒకసారి. గవ్వకి రాత్రి రెండింటికి కూడా లేచి పెట్టేదాన్ని, మొదటి పది రోజులు. పడుకునే చోటు వెచ్చగా ఉండాలి, కానీ వేడి ఎక్కువైతే పక్కకి జరగడానికి చోటు కూడా ఉండాలి. తేనె సీసా అందరికీ కనబడేచోట పెట్టండి. తూలుతున్నా, వణుకుతున్నా, ఎప్పుడూ లేనంత నిద్రమత్తుగా ఉన్నా చిగుళ్ళకి రాయండి. ఫిట్స్ వస్తుంటే నోట్లోకి వేలు పెట్టకండి, పెదవి లోపలి అంచుకి పూయండి చాలు. తేరుకుని గెంతులేస్తున్నా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే, ఆ చక్కెర మళ్ళీ పడిపోవచ్చు.

మెడపట్టీకి తాడు కట్టి లాగకండి, ఛాతీకి తొడిగే హార్నెస్ వాడండి. సోఫాకీ మంచానికీ మెట్లలాంటిది ఏదైనా పెట్టండి. అయిదు నుంచి ఎనిమిది నెలల మధ్య వెనక కాలు కుంటుతూ, తుంటి దగ్గర ముట్టుకుంటే అరిస్తే బెణుకు అని వదిలెయ్యకండి. తొడ ఎముక పైన గుండ్రటి భాగానికి రక్తం అందక అరిగిపోయే జబ్బు టాయ్ జాతుల్లో ఆ వయసులోనే వస్తుంది. ఆరేడు నెలలకి నోరు తెరిచి చూడండి. పాల కోరపన్ను ఊడకుండానే పక్కన కొత్తది వచ్చేసి రెండూ జంటగా ఉంటే, పాలపన్ను తీయించాలి. చిట్టికి అలా నాలుగు తీశారు.

ఇక త్రాసు. రోజూ పొద్దున్న, తినకముందు, అదే గిన్నెలో, అదే తువ్వాలు మీద తూచి రాసుకోండి. గవ్వ నోట్‌బుక్ మొదటి పేజీలో 720, 735, 730, 750 అని ఉంది. ఆ అయిదు గ్రాముల తగ్గుదలకి నాకు టెన్షన్ వచ్చి ఫోన్ చేశాను. ఒక్కరోజు తగ్గితే చూద్దాం, వరుసగా రెండు రోజులు తగ్గినా, ఒక్క పూట తిండి మానేసినా తీసుకురండి అని డాక్టరు గారు చెప్పారు. ఆ మాట పేజీ పైన ఎర్ర ఇంకుతో రాసి పెట్టుకున్నాను.